"లేదు" అనని కొట్టు

మా అన్నయ్య పదోరోజున నందిగామలో వాళ్ళింటి వెనక షామియానా కింద వంటలు అవుతున్నాయి. నేనో కుర్చీలో కూర్చుని విస్తళ్ళు తుడుస్తున్నాను. డెబ్బై దాటిన ఆడదానికి చావింట్లో అంతకు మించిన పని ఎవరూ చెప్పరు. వంటింట్లోంచి అన్నయ్య మనవరాలు తల బయటికి పెట్టి, "మామ్మా, బియ్యం లేవు. నాన్నకి ఫోన్ చేసి తెమ్మను" అని కేకేసింది. నేను ఉలిక్కిపడ్డాను. చుట్టూ చూస్తే ఇంకెవరూ ఉలిక్కిపడలేదు. ఆ పిల్ల వాళ్ళ నాన్న స్కూటర్ మీద వెళ్ళి బస్తా తెచ్చాడు, ఎసట్లో బియ్యం పడ్డాయి, అంతే. ఆ మాటకి ఉలిక్కిపడే మనుషుల్లో నేనూ అన్నయ్యా ఇద్దరమే మిగిలి ఉండేవాళ్ళం, ఇప్పుడు నేనొక్కదాన్నే. అన్నయ్య పోయాడన్న ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

మా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో ఆ మాట అని ఉంటే నాయనమ్మ నోటి మీద ఒక్కటి వేసేది. బియ్యం నిండుకున్నాయి అనాలి. దీపం కొండెక్కింది అనాలి. కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాలి. లాభం, రెండు, మూడు, అలా. ఇవి చాలా ఇళ్ళలో ఉన్నవే, మా ఒక్కరి సొత్తేం కాదు. కానీ మాది కొట్టు ఉన్న ఇల్లు, పైగా మా తాతయ్య ఉన్న ఇల్లు. ఆయన కొట్లో "లేదు" అనే మాట పుట్టడానికి వీల్లేదు. వచ్చినవాళ్ళు ఏమడిగినా ఉందనే చెప్పాలి. నిజంగా లేకపోతే వాళ్ళని కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, పెరటి గుమ్మంలోంచి మనిషిని ఇంకో కొట్టుకి పరిగెత్తించి, అక్కడి ధరకి కొనుక్కొచ్చి మన ధరకి ఇవ్వాలి. "లక్ష్మి గుమ్మంలో కూర్చుని వింటూ ఉంటుందే అమ్మాయ్. లేదన్నామనుకో, సరే అయితే నేను వెళ్ళొస్తానంటుంది" అనేవాడు. లోకంలో ఇంకే వ్యాపారస్తుడైనా ఇలాంటి పని చేస్తాడా అని నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మండినా సరే, ఆ గొంతు తలుచుకుంటే ఆయన్ని ఏమీ అనబుద్ధి కాదు.

బజారు వైపు కొట్టు, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక బండ్ల దొడ్డి, దొడ్డి చివర సందులోకి తెరుచుకునే పెరటి గుమ్మం. పొద్దున్నే తాతయ్య స్నానం చేసి, చెవుల పోగులు మెరుస్తుంటే, కొట్టు తలుపు పలకలు ఒక్కోటీ తీసి గోడకి ఆనించేవాడు. వాటినీ లాభం నుంచే లెక్కపెట్టేవాడు. పలకలు తీయగానే లోపలి వాసన ఇంట్లోకి వచ్చేది. బెల్లం, కిరసనాయిలు, ఎండుమిరపకాయ, ఇంగువ, గోనె. వాటన్నిటి కింద ఉప్పు. ఉప్పుకి వాసనేమిటంటారా? ఉప్పు గది పక్కన పడుకుని పెరిగినవాళ్ళని అడగండి. వానాకాలం ఆ గది గోడలు చెమర్చేవి. సున్నం పెచ్చులుగా ఊడి, లోపలి ఇటుక పిండిలా రాలేది. నేనూ అన్నయ్యా ఎవరూ చూడకుండా ఆ గోడ నాకి, నోరు పూసి తిట్లు తిన్నాం. తరాల తరబడి ఆ గోడని అలా తింటూనే ఉంది ఉప్పు, మేం దాన్ని అమ్ముకు తింటూనే ఉన్నాం.

మా ముత్తాత పెరికెద్దుల వీపుల మీద ఉప్పు గోనెలు వేసుకుని దిగువ సముద్రం వైపు నుంచి నడిచొచ్చేవాడట. ఎగువకి పోతే నిజాం రాజ్యం, అక్కడ ఉప్పుకీ బట్టకీ కిరసనాయిలుకీ సుంకాలు. అందుకని చవగ్గా కొనుక్కోవడానికి అవతలి బండ్లు హద్దు దాటి, ఇంగ్లీషువాళ్ళ వైపున్న మా పేటకి వచ్చేవి. ముత్తాత ఈ సంగతి కనిపెట్టి ఎద్దుల్ని అమ్మేసి, పేటలో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. తాతయ్య దాన్ని పెద్ద కొట్టు చేశాడు. కోదాడ వైపు నుంచి వచ్చిన బండ్లు ఆముదాలూ నువ్వులూ దింపి, ఉప్పు బస్తాలు ఎక్కించుకుని, ఆ పూట మా దొడ్లోనే ఎడ్లు విప్పేవి. బండ్లవాళ్ళకి నాయనమ్మ గంగాళంతో అన్నం వండించేది, గోంగూర పచ్చడీ, పప్పుచారూ. దొడ్లోనే విస్తళ్ళు వేసేవాళ్ళు, ఇంట్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ రోజుల్లో అందులో తప్పు మాకెవరికీ కనపడలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అయినా వాళ్ళు మా దొడ్డినే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. వాళ్ళల్లో రాములు అని ఒకాయన ఉండేవాడు, తలపాగా తీస్తే బట్టతల. తాతయ్య ఈడువాడే. బండి దిగగానే కొట్టు ఎదర నిలబడి కాసేపు లోపలికి తేరిపార చూసి, ఆ తర్వాతే మెట్టెక్కేవాడు. ఏమిటా చూపని మేం నవ్వుకునేవాళ్ళం.

నిజాం రాజ్యం దేశంలో కలిసింది, కొన్నేళ్ళకి అటూ ఇటూ కలిసి ఒకే రాష్ట్రమైంది. ఆ రోజు పేటంతా తోరణాలు. తాతయ్య ఖద్దరు కండువా వేసుకుని కొట్టు ముందు నిలబడి, పళ్ళెంలో పటికబెల్లం పోసి దారినపోయేవాళ్ళందరికీ పంచాడు. నేనూ దోసిలి పట్టాను. తెలుగువాళ్ళంతా ఒక్కటయ్యారని ఆయన కళ్ళల్లో నీళ్ళు. హద్దు ఉండబట్టే మన కొట్టు ఉంది, హద్దు పోతే కొట్టెందుకు అన్న ముక్క ఆ రోజు ఆయనకి తట్టలేదు. తట్టినా పంచేవాడే, అలాంటి మనిషి. బెజవాడ లారీలు మా వీధి మొహం చూడకుండా పెద్ద రోడ్డున తిన్నగా కోదాడ పోవడం మొదలైంది. వీశెలూ మణుగులూ పోయి కిలోలొచ్చాయి. దొడ్లో బండ్లు పల్చబడ్డాయి. నాయనమ్మ మాత్రం చాలాకాలం అదే గంగాళం పొయ్యి మీద పెట్టించి, మిగిలిన అన్నం సాయంత్రం వీధిలో పంచేది.

సరుకు తెప్పించే శక్తి తగ్గింది గాని, తాతయ్య మాట తగ్గలేదు. ఎవరొచ్చినా "ఉంది, కూర్చోండి" అనేవాడు. లోపల ఉన్నదో లేనిదో ఆయనకి తెలియదు. చూపు మందగించింది, సరుకు గది సంగతి నాన్నకి వదిలేశాడు. పరిగెత్తించడానికి పనివాళ్ళూ లేరు, కాబట్టి నాన్నే పరిగెత్తేవాడు. భుజాన తువ్వాలు వేసుకుని దొడ్లోకి వెళ్తున్నట్టు వెళ్ళి, పెరటి గుమ్మంలోంచి సందులో పడి, వీధి చివర కోటయ్యగారి కొట్లో కొని, తువ్వాల్లో చుట్టుకుని వచ్చేవాడు. కోటయ్యగారు మంచాయన, ఒక్కమాట అడిగేవారు కాదు. రోజూ ఇదే తంతు. మా నాన్నకి కడుపు బాగుండదని ఊళ్ళో పేరు పడిపోయింది. తాతయ్యా అదే అనుకున్నాడు. "వాడికి వాము కషాయం పెట్టివ్వండమ్మా, పొద్దస్తమానం దొడ్లోనే ఉంటున్నాడు" అని అమ్మకి పురమాయించేవాడు. అమ్మకి సంగతంతా తెలుసు. తెలిసే కాచేది. నాన్న గ్లాసెత్తి, ఆయన చూస్తుండగా, కళ్ళు మూసుకుని తాగేవాడు. ఏళ్ళ తరబడి తాగాడు. నాకు నవ్వొచ్చేది అప్పట్లో.

నందిగామలో మా మేనమామ ఉండేవాడు. అక్కడో పత్తి మిల్లులో గుమాస్తా ఉద్యోగం నాన్నకి మాట్లాడి పెట్టాడు. ఒకరోజు వచ్చి, వంటింటి గడప మీద కూర్చుని గొంతు తగ్గించి, "ఉగాదిలోగా చేరతావో లేదో చెప్పాలి బావా. ఆ తర్వాత ఇంకోణ్ణి పెట్టుకుంటారు. ఇల్లు తాకట్టులో ఉంది, కొట్లో దుమ్ము తప్ప ఏముంది? మామయ్యగారికి చెప్పెయ్" అన్నాడు. నాన్న, "ఏమని చెప్పను?" అన్నాడు. "ఏముంది, ఏమీ లేదని చెప్పు." నాన్న నవ్వాడు. ఎలా నవ్వాడంటే, అమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టేసి ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ మాట అనకూడని ఇంట్లో ఆ నిజం చెప్పడం ఎలాగో నాన్నకి తెలియలేదు. చెబితే తండ్రి ప్రాణం పోతుందేమోనని భయం. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది, మేమంతా వీధిలో పడతాం. ఉగాది దగ్గరపడుతోంది. నాన్న రోజూ ఉదయం చెబుదామని కొట్లోకి వెళ్ళడం, తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి రావడం.

అలాంటి ఒక మధ్యాహ్నం బస్సు దిగి ఒక ముసలావిడ వచ్చింది. నేను కొట్టు గుమ్మంలోనే ఉన్నాను. ఆవిడ రాములు భార్య, మల్లమ్మ. బొట్టు లేదు. తాతయ్యకి అర్థమై, గద్దె మీంచి దిగొచ్చి, "ఎప్పుడమ్మా?" అన్నాడు.

"పది రోజులాయె సావుకారూ. రేపు దినం. నీ దగ్గర్నుంచే సామాను తేవాల్నని పోయేముంగట చెప్పిండు. అందుకే అంత దూరం వచ్చిన."

"తప్పకుండా. ఏం కావాలో చెప్పు."

"ముందుగాల ఉప్పు ఇయ్యి."

"కూర్చో తల్లీ, ఇప్పుడే" అని తాతయ్య నాన్న వైపు తిరిగాడు. ఉప్పు గది ఖాళీ అయి ఎంతకాలమైందో నాన్నకి తెలుసు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళాడు. మల్లమ్మకి మజ్జిగొచ్చింది. తాతయ్య రాములు సంగతులు చెప్పుకుంటూ కూర్చున్నాడు. మజ్జిగ అయిపోయింది, సంగతులూ అయిపోయాయి, నాన్న రాలేదు. ఆ రోజు కోటయ్యగారింటిల్లిపాదీ వేదాద్రి నరసింహస్వామి తిరునాళ్ళకి వెళ్ళారట. పేటలో సగం కొట్లు కట్టేసి ఉన్నాయి, తీసున్న ఒకటి రెండు కొట్లవాళ్ళు నాన్నకి ఇక అరువు కుదరదన్నారు. చివరికి చెమటలు కారుతూ వచ్చాడు. పెరట్లోంచి కాదు, వీధిలోంచే, ముందు గుమ్మంలోంచే వచ్చాడు. చేతిలో ఖాళీ తువ్వాలు.

"ఏరా, ఉప్పేదీ?" అన్నాడు తాతయ్య.

నాన్న మెట్టు కిందే నిలబడిపోయాడు. "లేదు నాన్నా" అన్నాడు.

తాతయ్యకి వినపడనట్టు, "ఏమిటీ?" అన్నాడు.

"ఉప్పు లేదు నాన్నా. బెల్లం లేదు. నూనె లేదు. డబ్బాల్లో ఏమీ లేదు. చాన్నాళ్ళ నుంచీ ఏమీ లేదు. అన్నీ కోటయ్య కొట్లోంచే తెస్తున్నా." ఒకసారి నోరు తెరిచాక ఆయన వల్ల ఆగడం కాలేదు. చెబుతూ చెబుతూ పసివాడిలా ఏడ్చేశాడు. గుమ్మం వెనక నాయనమ్మ రెండు చెవులూ మూసుకుంది.

తాతయ్య కంటే ముందు మల్లమ్మ లేచింది. "అయ్యో, నా నోరు పడిపోను. నేనే మరిచిన సావుకారూ. మా ఆయన ఎన్నిసార్లు చెప్పిండో. కొట్టు ముంగట నిలబడి మంచిగ చూడు, ఏది కనపడితే అదే అడుగు, కనపడనిది అడిగి ఆ పెద్దమనిషిని బాధపెట్టకు అని. ఆయన పోయిన దుఃఖంల యాది లేక ఉప్పడిగిన." ఆవిడ తాతయ్య కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. రాములు కొట్టు ముందు నిలబడి ఎందుకు చూసేవాడో మాకందరికీ అప్పుడు తెలిసింది. అవతలి వాళ్ళకంతా తెలుసన్నమాట. ఉప్పు వాళ్ళ ఊళ్ళోనే దొరుకుతున్నా, తాతయ్య కోసం బండి కట్టుకుని వచ్చి, ఉన్నదే అడిగి కొనుక్కుని పోయేవాళ్ళు.

తాతయ్య నాన్న వైపు చూసి, "అయితే నీ కడుపు బాగానే ఉందన్నమాట" అన్నాడు. నాన్న తలూపాడు. "వెధవా, ఆ వాము కషాయమంతా ఎందుకు తాగావురా?" అన్నాడు. నాయనమ్మ వంటింట్లోకి వెళ్ళి మా ఉప్పు జాడీ తెచ్చింది. ఉప్పు చేతిలోంచి చేతికి అందివ్వకూడదు కాబట్టి గడప మీద పెట్టి, మల్లమ్మ కొంగు పరిస్తే జాడీ వొంచేసింది. మా వంశం ఉప్పమ్మడం అక్కడితో అయిపోయింది. దానికి వెల తీసుకోలేదు.

మర్నాడు కొట్టు తీయరనుకున్నాం. తాతయ్య మామూలుగానే లేచి స్నానం చేసి పలకలు తీశాడు. గద్దె మీద కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకీ రెండు చేతులూ జోడించి, "లేదండి" అని చెప్పాడు. నాన్న పక్కన నిలబడి, "నేను చెప్తా నాన్నా, నువ్వు లోపలికి వెళ్ళు" అంటే, "మా నాన్న పెట్టిన కొట్టురా ఇది. ఉందని చెప్పింది నేను. లేదని చెప్పాల్సిందీ నేనే. నువ్వు కూర్చో, బాగా అలిసిపోయావు" అన్నాడు. వార్త ఊరంతా పాకింది. కొంతమంది కావాలని ఇటు రాకుండా చుట్టూ తిరిగి పోయారు, పాపం, ఆయన చేత ఆ మాట అనిపించడం ఇష్టంలేక. సాయంత్రం కోటయ్యగారు వేదాద్రి ప్రసాదం పట్టుకుని వచ్చారు. మెట్టు కింద నిలబడి లోపలికంతా చూశారు. "ఆ తక్కెడ ఇస్తారా బాబాయిగారూ?" అన్నారు. తాతయ్య తల తిప్పి ఇత్తడి తక్కెడ వైపు చూశాడు. "ఉంది. తీసుకెళ్ళు నాయనా" అన్నాడు. కోటయ్యగారు దాన్ని కళ్ళకద్దుకుని తీసుకెళ్ళారు. లోపల మా నాన్న ఉట్టి నేల మీద పడి నిద్రపోతున్నాడు. ఆయన పగలు పడుకోవడం నేనెన్నడూ చూడలేదు.

ఉగాదికి ముందే నందిగామ చేరాం. ఇల్లు అప్పులకి పోయింది. రెండు గదుల అద్దె ఇల్లు, ఎదురుగా ఎవరిదో చింతపండు గోదాం, దగ్గర్లోనే హైస్కూలు. నాన్న మిల్లుకి, అన్నయ్యా నేనూ స్కూలుకి. పేటలో కొట్టు కళకళలాడుతూ ఉండి ఉంటే నన్ను పన్నెండో ఏటనే బడి మాన్పించి, ఏ ఖమ్మం శావుకారి ఇంటికో కోడలిగా పంపేవాళ్ళు, అందులో సందేహం లేదు. మా వాళ్ళు చితికిపోబట్టి నాకు చదువొచ్చింది. ఆ ఇంటి మీద బెంగ పెట్టుకున్నప్పుడల్లా ఈ సంగతి గుర్తొచ్చి, బెంగ సగంలో ఆగిపోతుంది. ఇప్పుడు అన్నయ్య మనవరాలు సామాన్లన్నీ ఫోన్లో తెప్పించుకుంటుంది. లేని సరుకు బొమ్మ అందులో వెలిసిపోయినట్టు కనపడుతుందట, నొక్కినా పలకదట. చెప్పేవాళ్ళకి మొహమాటం లేదు, వినేవాళ్ళకి కష్టం లేదు. మంచిదే. ఒకప్పుడు ఇద్దరి మధ్య ఆ మాట నలిగినంత ఇప్పుడు ఏ మాటా నలగదు. ఆ నలుగుడు పోయినందుకు సంతోషించాలో, దాంతోపాటు ఇంకేమైనా పోయిందేమోనని దిగులుపడాలో ఈ వయసులో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

నా స్కూలు చదువు పూర్తయిన వేసవిలో బెజవాడలో టీచరు ట్రైనింగుకి వెళ్తానని అడిగాను. నాన్న మిల్లు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "డబ్బు లేదమ్మా" అన్నాడు. వరండాలో మంచం మీద తాతయ్య ఉన్నాడు. అమ్మ ఠక్కున ఆయన వైపు చూసింది, పాత అలవాటు. తాతయ్య మెల్లగా లేచి కూర్చుని, "ఎంత తక్కువరా?" అన్నాడు. నాన్న చెప్పాడు. "ఏడాది ఆగితే?"

"ఆగితే కూడుతుందేమో నాన్నా."

తాతయ్య నా వైపు తిరిగి, "ఆగుతావా అమ్మాయ్?" అన్నాడు. మా ఇంట్లో ఆడపిల్లని అడగడం అదే మొదలు. ఆగుతానన్నాను.

ఆ ఏడాది పొడుగునా, జీతమొచ్చిన సాయంత్రం నాన్న రాగానే తాతయ్య మంచం మీద పక్కకి జరిగి చోటిచ్చేవాడు. "ఇంకా ఎంత తక్కువ?" అని అడిగేవాడు. నాన్న ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఒక నెల తగ్గేది, ఒక నెల నాయనమ్మ మందులకి పోయి పెరిగేది. లెక్క అయిపోయాక కూడా లేచేవాళ్ళు కాదు. మిల్లు కబుర్లు, మునేరు వరద, రాములు ఎడ్లు, ఏదో ఒకటి. పేటలో అన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి వాళ్ళిద్దరూ అలా మాట్లాడుకోవడం నేను చూడలేదు. మరుసటి ఏడు జూన్‌లో నన్ను బెజవాడ బస్సెక్కించడానికి ఇద్దరూ వచ్చారు. పెట్టె పైకెక్కించి, కిటికీ దగ్గర నిలబడి జాగ్రత్తలు చెప్పబోయి, మధ్యలో ఒకరి మాట ఒకరు అందుకుని ఏదో వాదనలో పడ్డారు. బస్సు కదిలింది. చెయ్యి ఊపుతారని తల బయటికి పెట్టి చూశాను. ఇద్దరూ నన్ను మరిచిపోయి మాట్లాడుకుంటూనే ఉన్నారు.